చెప్పినవా అని అడిగే సారు

మా ఇంగ్లీషు సారు పోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో "సార్ ఎక్స్‌పైర్డ్" అని పెట్టారు. దాని కింద వరసగా దండం బొమ్మలు. నాకు ఏడుపు రాలేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. సారు చూసి ఉంటే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "మందు సీసకు ఎక్స్‌పైరీ ఉంటది బేటా. మనిషి డైడ్. అంతకన్న పెద్ద మాట అక్కర్లేదు" అని ఒకసారి క్లాసులో అన్నారు కూడా. గ్రూపులో ఏమీ పెట్టకుండా షట్టరు దించి బండి తీశాను.

నాకు బూర్గంపాడులో చిన్న టైపింగ్, జిరాక్స్ సెంటరు ఉంది. జనం వచ్చి తమ గోడు చెప్పుకుంటారు, నేను అర్జీ రాసిస్తాను. ఆ విద్య సారు పెట్టిన భిక్షే. ఆ విద్యతో నేను చేసిన తప్పు కూడా తనదేనని ఆయన చివరిదాకా అనుకున్నారు. నేను అలా అనుకోను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం అదే.

సారపాకలో సారు వాళ్ళ అన్నగారి పరుపుల దుకాణం ఉండేది. సారు పగలు సర్కారు బడిలో పాఠం చెప్పి, సాయంత్రం ఆ దుకాణం మేడ మీద గదిలో ట్యూషన్ చెప్పేవారు. కింద పత్తి ఏకుతుంటే దూది పైకి ఎగిరొచ్చేది. మేం తుమ్ముతూ ఇంగ్లీషు నేర్చుకున్నాం. ఇంటికి వెళ్తే జుట్టు చూసి మా అమ్మ "ఇయ్యాల పాఠం మస్తుగయినట్టుంది" అనేది.

కాగితం మిల్లు షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా సారు ఆగిపోయేవారు. ఏ మాట మీద ఉన్నా సరే, చూపుడు వేలు అలాగే పైకెత్తి నిలబడేవారు. సైరన్ అయ్యాక ఆగిన చోటి నుంచి కాకుండా వాక్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పేవారు. ఎందుకు సార్ అని అడిగితే, "సగం ఇన్నోడు మిగతా సగం సొంతంగ కలుపుకుంటడు" అన్నారు. మేం నవ్వుకున్నాం. వెనక బెంచీలో ఆ వేలు ఎత్తడాన్ని అనుకరించడంలో నాకు మంచి పేరుండేది.

ఆయన దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. అందులో అరచేతిలో పట్టేంత అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద ఒక్కో ఇంగ్లీషు మాట. అన్నీ నోటితో చేసే పనికి సంబంధించినవే. 'సే' అనే మాటకు చుట్టాలు, పక్కాలు అన్నమాట. అట్ట తిప్పితే వెనక తెలుగు అర్థం ఉండేది కాదు. అర్థం బట్టీ కొడితే రెండో రోజుకు పోతుందని ఆయన నమ్మకం. వెనక ఒక మనిషో ఒక చోటో ఉండేది. 'విస్పర్' వెనక, "దవాఖానాల డాక్టరు బయటికి పోయినంక చుట్టాలు." 'మంబుల్' వెనక, "హోంవర్కు చెయ్యని పిల్లలు." 'అనౌన్స్' వెనక, "భద్రాచలం బస్టాండు మైకు. ఎవ్వరికి సమజ్ కాదు, ఐనా ఆగదు." 'మెన్షన్' వెనక, "మా అన్న. చాయ్ గురించి మాట్లాడుకుంటనే పెండ్లి సంబంధం సంగతి తెస్తడు." అన్నగారు అది చదివి రెండు రోజులు మేడ మీదికి చాయ్ పంపలేదు.

'సే' అట్ట వెనక మాత్రం ఖాళీ. ఎందుకని అడిగితే, "దానికి మనిషి అక్కర్లే. అందరు చేసేదే" అన్నారు.

నాలుగు మాటలకు తేడా చెప్పమంటే ఇప్పటికీ పెద్ద చదువులవాళ్ళు తడబడతారు. సారు నిమిషంలో తేల్చేశారు. "స్పీక్ అంటే నోరు పనిచేస్తుందని. టాక్ అంటే ఎదురుంగ ఇంకో మనిషి ఉన్నడని. టెల్ అంటే ఆ మనిషికి ముట్టిందని. సే అంటే మాట ఒక్కటే. ఎవరు, ఎందుకు అనేది పక్కకు పెట్టి మాటను ముంగట పెట్టుడు." నా దగ్గరికి అర్జీ కోసం వచ్చేవాళ్ళలో సగం మంది స్పీక్ దగ్గరే ఆగిపోతారు. టెల్ దాకా తీసుకెళ్ళడమే నా పని.

ఆయనకో నియమం ఉండేది. ఒక పేజీలో 'సెడ్' అనే మాట ఒక్కసారే రావాలి. రెండోసారి వస్తే ఎర్ర గీత, అర మార్కు కోత. "డబ్బాల ఇన్ని అట్టలు పెట్టుకొని ఒక్కదాన్నే అరగదీస్తరేంది" అనేవారు. నేను ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు. నా పేజీలో ఒకరు చెప్తే ఇంకొకరు వాపోయేవారు, మరొకరు ఉద్ఘాటించేవారు. సారు నా నోటుబుక్కు ఎత్తి క్లాసంతా చూపించేవారు. అప్పుడు నా తల కొంచెం పెద్దదయ్యే ఉంటుంది.

డిగ్రీ అయ్యాక నాకు సారపాక అవతల ఒక కాంట్రాక్టరు దగ్గర క్లర్కు పని దొరికింది. జామాయిల్ కర్ర కొని, చెక్కు తీయించి, లారీలకెత్తి పంపించే యార్డు. ఇప్పుడు ఆ కాంట్రాక్టరూ లేడు, ఆ యార్డూ లేదు. గేటు దగ్గర ఒక కాపలా మనిషి ఉండేవాడు. అడవి లోపలి కోయగూడెం ఆయనది. నాకన్నా పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. మాట తక్కువ మనిషి. ఇంటి దగ్గర వాళ్ళ భాషే కాబట్టి తెలుగు చూసి చూసి వాడేవాడు, చీకట్లో మెట్లు దిగుతున్నట్టు.

ఒకరోజు యార్డులోంచి చీటీ లేకుండా ఒక లారీ కర్ర బయటికి పోయింది. ఖమ్మం నుంచి మేనేజరు వచ్చి విచారణ పెట్టాడు. పై ఆఫీసుకు ఇంగ్లీషులో కావాలి కాబట్టి నన్ను రాయమన్నాడు. కాపలా అన్న నిలబడి చెప్పింది ఇంతే: "ఆ రోజు డ్యూటీల ఉన్న. సూపర్‌వైజర్ సారు డీజిల్ తెమ్మన్నడు. పోయిన. వచ్చేతలికి లారీ లేదు."

నేను మొదటి వాక్యానికి 'సెడ్' వాడేశాను. డ్యూటీలో ఉన్నట్టు చెప్పాడు. తరవాతి వాక్యానికి అది పనికిరాదు కదా. అందుకని, గేటు వదిలి వెళ్ళినట్టు 'అడ్మిటెడ్' అని రాశాను. ఇంకోటి మిగిలింది. సూపర్‌వైజరు పంపినట్టు 'క్లెయిమ్డ్' అని రాశాను. పేజీ ముచ్చటగా వచ్చింది. మూడు వాక్యాలు, మూడు మాటలు, ఒకదాన్నొకటి పోలి లేవు. కాపలా అన్న కింద వేలిముద్ర వేశాడు.

ఇంగ్లీషు రానివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, అడ్మిట్ అంటే తప్పు ఒప్పుకోవడం. క్లెయిమ్ అంటే వాడలా అంటున్నాడుగానీ నమ్మేదేమీ లేదు అని. పై ఆఫీసువాళ్ళకు ఇంగ్లీషు బాగానే వచ్చు. తానే ఒప్పుకున్నాడు గనక తీసేస్తున్నామని నాలుగు రోజుల్లో కాగితం వచ్చింది. సూపర్‌వైజర్ని పిలిచి ఎవరూ ఏమీ అడగలేదు. కాపలా అన్న గేటు దగ్గర వేలాడదీసుకున్న సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. అయ్యో అనుకున్నాను. నా కాగితానికీ ఆ సంచీకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. ఇది దాచడానికేమీ లేదు, నిజంగానే తట్టలేదు.

ఆ ఆదివారం ఆ కాగితం నకలు తీసుకుని సారు దగ్గరికి వెళ్ళాను, మెచ్చుకుంటారని. ఆయన చాయ్ తాగుతున్నారు. చదివారు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ చదివారు.

"ఈయన ఒప్పుకున్నడా?"

"ఏం ఒప్పుకున్నడు సార్?"

"నువ్వే రాసినవ్ గద. తప్పు చేసినవని ఎవరన్న అన్నరా ఆయన్ని?"

"లేదు సార్. ఏం జరిగిందో చెప్పమన్నరు. చెప్పిండు."

"మరి ఒప్పుకునుడు యాడికెళ్ళి వచ్చింది?"

"పైన సెడ్ ఒకసారి వచ్చింది సార్" అన్నాను. "అందుకని."

సారు మొహం నాకు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు. అన్నం తింటూ రాయి కొరికిన మనిషి మొహం. కాగితం మడిచి, "నేనే నేర్పిన" అన్నారు.

చెప్పులు తొడుక్కుని నన్ను వెంటబెట్టుకుని యార్డుకు వచ్చారు. మేనేజరు ఇంకా ఖమ్మం వెళ్ళలేదు. మర్యాదగా కుర్చీ వేసి, "ఆయన వేలిముద్ర ఉంది సారూ, మనం ఏం జేస్తం" అన్నాడు.

"ఆయనకు చదువ రాని భాషల ఉంది గదా" అన్నారు సారు.

మేనేజరు చాయ్ తెప్పించాడు. సారు తాగలేదు. ఇంటికొచ్చి పై ఆఫీసుకు ఉత్తరం రాశారు. కాపలా మనిషి చెప్పిందంతా తిరిగి రాసి, ప్రతి వాక్యానికీ 'సెడ్' అనే పెట్టారు. సెడ్, సెడ్, సెడ్. ఆయన నియమం ప్రకారం ఆ పేజీకి మార్కులు మైనస్‌లో ఉండాలి. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు.

తరవాత డబ్బాలోంచి రెండు అట్టలు తీసి నా చేతిలో పెట్టారు. ఒకటి అడ్మిట్, ఇంకోటి క్లెయిమ్. "ఇవి నీ కాడ ఉంచు. ఆ మనిషి కాడికి పోయి, ఏం రాసినవో చెప్పు. చెప్పినంక తెచ్చి డబ్బాల వెయ్యి" అన్నారు. అలాగే సార్ అన్నాను.

వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే పెద్ద కారణమేమీ లేదు. మొదట సిగ్గు. తరవాత వానలు, ఆ గూడేనికి దారి బాగుండదు. తరవాత పెళ్ళి. తరవాత, ఇన్నాళ్ళు కాని పని ఇప్పుడెందుకులే అని. మంచి కారణం ఒక్కటైనా ఉంటే సారుకు చెప్పేవాణ్ణి. చిన్న కారణాలు చెప్పలేం. యార్డు పని మాత్రం మానేశాను, అదేదో ప్రాయశ్చిత్తం అన్నట్టు.

సారు జిరాక్సులకు నా సెంటరుకు వచ్చేవారు. ఆధార్ కాగితమో, కరెంటు బిల్లో. కాగితం అందించి, స్టూలు మీద కూర్చుని, "చెప్పినవా?" అనేవారు. తిన్నవా అని అడిగినంత మామూలుగా. "చెప్త సార్" అనేవాణ్ణి. ఇంకో మాట అనేవారు కాదు. జిరాక్సు తీసుకుని, టోపీ సర్దుకుని వెళ్ళిపోయేవారు. పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ఒక్కోసారి విసుగొచ్చేది. చాదస్తం అని ఇంట్లో అన్నాను కూడా. ఆయన తన నియమాన్ని రద్దు చేసుకున్నారని నా తరవాత చదివినవాళ్ళ ద్వారా తెలిసింది. "సెడ్ ఎన్నిసార్లన్న రాయొచ్చు, తప్పు లేదు" అని మొదటి రోజే చెప్పేవారట. వాళ్ళకు కారణం తెలీదు. ఇంగ్లీషు సారు పెద్దాయనైపోయాడు, పట్టు వదిలేశాడు అనుకున్నారు.

మొన్న వానాకాలంలో వచ్చినప్పుడు బాగా తగ్గిపోయి ఉన్నారు. ఏదో దవాఖానా కాగితం జిరాక్సు తీయించుకుని, స్టూలు మీద కూర్చుని, వాన చూసి, లేచి వెళ్ళిపోయారు. అడగలేదు. అప్పుడు మొదటిసారి నాకు భయమేసింది.

సారు ఇంటికి చేరేసరికి చివరి ప్రయాణానికి జనాజా సిద్ధం చేస్తున్నారు. వాళ్ళమ్మాయి నన్ను చూసి పక్కకు పిలిచింది. చేతిలో ఆ రేకు డబ్బా ఉంది.

"అన్నా, మా అబ్బా డబ్బాల రెండు కార్డులు తక్కువున్నయి. మీ కాడ ఉన్నయని అబ్బానే చెప్పిండు. పని కాంగనే తెచ్చిస్తడు, అడగకు అన్నడు" అంది. అని, "నేను అడుగుతలేను" అని కూడా అంది. ఆ అట్టలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. షట్టరు దించే ముందు సొరుగులోంచి తీసి పెట్టుకున్నాను, ఎందుకో తెలీకుండానే. ఇవ్వలేకపోయాను.

ఖబరస్తాన్‌లో అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. వెనక్కి తిరిగితే బయట ప్రహరీ గోడ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలు, చేతిలో సంచీ. జుట్టు తెల్లబడింది. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. కాపలా అన్న.

దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను పోల్చుకుని, "నువ్వు యార్డుల రాసే తమ్మివి గదా" అన్నాడు.

"అవ్ అన్నా. సారు నీకెట్ల తెలుసు?"

"తెల్వకేంది. నా పని తీసేయించింది సారే గద."

ఆయన మామూలుగానే చెప్పుకుపోయాడు. "మా ఇంటికొచ్చి ఆయనే చెప్పిండు. నా వల్ల నీ పని పోయింది, నాది తప్పు, మాఫ్ చెయ్యి అన్నడు. నువ్వు నా ముంగట రాసుకున్నవ్ గని, పై ఆఫీసుకు పోయిన ఇంగిలీసు కాయితం సారే రాసిచ్చిండనుకున్న. ఒక ఏడాది మాట్లాడలే నేను."

"మరి ఆయన?"

"వచ్చుడు బంద్ చెయ్యలే. వచ్చేటోడు, కూసునేటోడు, పోయేటోడు. ఈ మిల్లు అవతల మామిడి తోటల కాపలా పని కూడ ఆయనే ఇప్పిచ్చిండు. మా భాషల మాటలడిగి రాసుకునేటోడు. కడకు నేనే మాట్లాడిన. ఎంతకని ఊకుంట."

సారు చెప్పింది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. దానికి డబ్బాలో మాట ఉందో లేదో నాకు తెలీదు. నా పేరు ఎత్తకుండా, నేను వచ్చి చెప్పేదాకా ఆ చోటు ఖాళీగా ఉండకూడదని తాను కూర్చున్నారు. నేను జిరాక్సు తీస్తూ చెప్త సార్, చెప్త సార్ అంటుంటే, ఆయన అటు వెళ్ళి ఆ గుమ్మంలో నాకు బదులు తలొంచుకున్నారు. ఇప్పుడు ఈ మనిషి మనసులో సారు తన పని తీసేయించిన మనిషి. మట్టి కూడా వేసేశాం. నేను నోరు మూసుకుంటే అది అలాగే ఉండిపోతుంది. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం చిన్నది కాదు.

"అన్నా, ఆ కాయితం సారు రాయలే. నేను రాసిన" అన్నాను.

ఆయన నా వైపే చూశాడు. నేను ఆపలేదు. ఆయన ఏం చెప్పాడో, నేను ఏం రాశానో, ఏ మాటకు ఏం అర్థమో, ఎందుకు ఆ మాటలే వాడానో, సారు ఎన్నిసార్లు అడిగారో, నేనెందుకు రాలేదో, చిన్న కారణాలతో సహా అన్నీ చెప్పాను. జేబులోంచి అట్టలు తీసి చూపించాను. ఇదొకటి, ఇదొకటి.

కాపలా అన్న ఒక అట్ట తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, గోరుతో అంచు గీరాడు.

"గింతేనా" అన్నాడు.

"గింతే అన్నా."

లోపల సారు మీద మట్టి సర్దుతున్న పార చప్పుడు వినిపిస్తోంది. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "సారు మీద ఒక ఏడాది ఉత్తగనే కోపంగున్న" అన్నాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. తిట్టలేదు. మాఫ్ అని కూడా అనలేదు.

"నేను చెప్పింది గిది గాదు గద" అన్నాడు, అట్ట నా చేతికిస్తూ.

"కాదు."

"మరి నేను చెప్పింది రాయి."

అడ్మిట్ అని ఉన్న అట్టను వెనక్కి తిప్పాను. దీనికి సారుకు మనిషి దొరకలేదో ఏమో, 'సే' లాగే దాని వెనకా ఖాళీగానే ఉంది. పెన్ను తీశాను. కాపలా అన్న గొంతు సవరించుకుని, "ఆ రోజు డ్యూటీల ఉన్న. సూపర్‌వైజర్ సారు..." అన్నాడు.

మిల్లు సైరన్ మోగింది. ఆయన ఆగిపోయాడు. చూపుడు వేలు అలాగే పైకెత్తి, నా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ వేలు ఎవరిదో నాకు తెలుసు. సైరన్ ఆగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. తరవాత ఆయన వేలు దించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.